500లో 212వ ప్రతి అంటున్నారు, కొనవచ్చునా? వీధి చిత్రకారుల స్క్రీన్ ప్రింట్ల సేకరణపై సలహా కావాలి

సిరామరక (బ్రిస్టల్):

మిత్రులకు నమస్కారం. ఉద్యోగరీత్యా కొంతకాలంగా ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉంటున్నాను. వచ్చే ఏడాది కుటుంబంతో సహా రాజమహేంద్రవరం తిరిగి వచ్చేయాలని నిర్ణయించుకున్నాము. ఈ ఊళ్లో ఉంటూ గోడల మీది బొమ్మలను పట్టించుకోకుండా ఉండడం సాధ్యం కాదు. పార్క్ స్ట్రీట్ మీద నిలబడి చూస్తే కిటికీ అంచు పట్టుకొని వేలాడుతున్న మనిషి బొమ్మ కనిపిస్తుంది. అది, తానెవరో బయటపెట్టకుండా గోడల మీద బొమ్మలు వేసే బాంక్సీ అనే చిత్రకారుడు 2006లో వేసినది. స్టోక్స్ క్రాఫ్ట్‌లో పోలీసుల మీదికి పెట్రోలు బాంబు విసరబోతున్న ఎలుగుబంటి బొమ్మ 1999 నాటిది. గోడలను వెంట తెచ్చుకోలేము కనుక, ఇటువంటి చిత్రకారులు పరిమిత సంఖ్యలో విడుదల చేసే స్క్రీన్ ప్రింట్లు ఒకటి రెండు కొని ఇంట్లో పెట్టుకోవాలని నాకూ మా శ్రీమతికీ చాలా కోరికగా ఉంది.

ఇంతలో తెలిసినవారి ద్వారా ఒక ప్రింటు అమ్మకానికి వచ్చింది. ఎర్రటి బెలూను వైపు చేయి చాచిన బాలిక బొమ్మ అది. సంతకం లేదు. కింది కుడి మూలన పెన్సిలుతో 212/500 అని రాసి ఉంది. దాని పక్కన సిరా లేకుండా కాగితాన్ని నొక్కి వేసిన ముద్ర ఒకటి వేలికి తగులుతోంది. ఒక గ్యాలరీ పేరుతో ఉన్న సర్టిఫికెట్ కూడా చూపించారు. ఇదే బొమ్మకు వేలంపాటల్లో పలికే ధరతో పోలిస్తే వీరు అడుగుతున్నది పదో వంతు కూడా లేదు. సంతకం లేకపోవడం వల్లనే ఇంత తక్కువని అమ్మే ఆయన చెబుతున్నారు. ఆ మాట నమ్మదగినదేనా? ఇది కాదంటే, మధ్యతరగతి జీతగాడు సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడ కొన్నదాన్ని మన దేశానికి తెచ్చుకునేటప్పుడు సుంకం సంగతి, గోదావరి ఒడ్డు చెమ్మలో కాగితాన్ని కాపాడుకునే సంగతి కూడా తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.


అచ్చుయంత్రం (లండన్):

సిరామరక గారికి, దయచేసి దాన్ని కొనవద్దు. బొమ్మను చూడకుండానే ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మీరు రాసిన ఆ 500 అన్న అంకెను బట్టే. ఈ బొమ్మ స్క్రీన్ ప్రింటుగా 2004లో వెలువడింది. అప్పట్లో బాంక్సీ ప్రింట్లన్నీ ప్రచురిస్తూ వచ్చిన పిక్చర్స్ ఆన్ వాల్స్ అనే సంస్థ దాన్ని సంతకంతో 150, సంతకం లేకుండా 600 ప్రతులుగా విడుదల చేసింది. ఇవి కాక బెలూను రంగు మార్చి, చిత్రకారుడు తన కోసం విడిగా వేసుకున్న ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు కొన్ని ఉన్నాయి. 500 ప్రతుల ఎడిషన్ అంటూ ఏదీ లేదు. ఏ చిత్రకారుడి ప్రింటు కొనబోతున్నా మొట్టమొదట చేయవలసిన పని, ఆ బొమ్మ ఏ ఏడాది, ఎన్ని ప్రతులుగా, ఎంత కొలత కాగితం మీద వచ్చిందో తెలుసుకొని, చేతిలో ఉన్నదానితో సరిపోల్చడం. డబ్బు ఖర్చు లేని ఈ చిన్న పరీక్షలోనే సగం నకిలీలు బయటపడతాయి.

అయితే మీకు చూపించిన ప్రింటు మోసం కోసమే పుట్టి ఉంటుందని అనుకోనక్కరలేదు. ప్రసిద్ధమైన బొమ్మలకు నమూనా ప్రతులు అచ్చువేసి, నమూనాలేనని చెప్పి, వాటికీ ఒక సంఖ్య, ఒక ముద్ర, ఒక సర్టిఫికెట్ జతచేసి అమ్మేవారు ఉన్నారు. మొదట కొన్నవారికి అది నమూనా అన్న సంగతి తెలుసు. చేతులు మారుతున్న కొద్దీ ఆ ఒక్క మాట జారిపోయి, సంఖ్యా ముద్రా సర్టిఫికెట్టూ మాత్రం మిగులుతాయి. మీకు అమ్మజూపుతున్న ఆయన కూడా నిజమని నమ్మే కొని ఉండవచ్చు.

ఇక సర్టిఫికెట్ గురించి. బాంక్సీ విషయంలో గ్యాలరీలు ఇచ్చే పత్రానికి విలువ లేదు. 2008లో ఏర్పాటైన పెస్ట్ కంట్రోల్ అనే కార్యాలయం ఒక్కటే ఆయన పనిని నిర్ధారిస్తుంది. అది ఇచ్చిన పత్రం లేకపోతే పేరున్న వేలం సంస్థలు ప్రింటును తీసుకోవు. ఆ పత్రం తయారీని గురించి ఒక మాట చెప్పాలి. 2004లో బాంక్సీ పది పౌండ్ల నోటును అనుకరిస్తూ, రాణి ముఖం ఉండవలసిన చోట యువరాణి డయానా ముఖం వేసి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అన్న పేరును బాంక్సీ ఆఫ్ ఇంగ్లండ్ అని మార్చి నోట్లు అచ్చు వేశారు. అటువంటి నోటును చేత్తో అడ్డంగా చింపి, ఒక ముక్కను సర్టిఫికెట్‌కు పిన్నుతో గుచ్చి కొనుగోలుదారుకు ఇస్తారు. రెండో ముక్క పెస్ట్ కంట్రోల్ దగ్గర ఉంటుంది. నోటు మీద చేత్తో రాసిన అంకె కూడా చిరుగు వెంట రెండుగా విడిపోతుంది. చిరిగిన అంచూ ఆ అంకే కలిస్తేనే పత్రం నిజమైనదని లెక్క. కాగితం చిరుగును రెండోసారి అదే విధంగా పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఎవరో తెలియని చిత్రకారుడు తన పనికి తానే సాక్ష్యం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉపాయం మరొకటి ఉంటుందని నేను అనుకోను. బ్రిటిష్ మ్యూజియం 2019లో ఆ నోటును తన సేకరణలో చేర్చుకుంది.

నకిలీల బెడద ఎంతదో కూడా తెలిసి ఉండాలి. ఈబేలో నకిలీ బాంక్సీ ప్రింట్లు అమ్మిన ఇద్దరికి 2010లోనే నైరుతి లండన్‌లోని కింగ్‌స్టన్ కోర్టు శిక్ష విధించింది. 2024 నవంబరులో ఇటలీ పోలీసులు బయటపెట్టిన ఒక ముఠా దగ్గర బాంక్సీ, వార్‌హోల్, పికాసో మొదలైనవారి పేర్లతో తయారైన నకిలీలు 2,100కు పైగా దొరికాయి. మీకు ప్రింటు అమ్మజూపిన ఆయనను మర్యాదగా ఒకే మాట అడగండి: పెస్ట్ కంట్రోల్‌కు మీరే దరఖాస్తు చేసి పత్రం తెప్పించగలరా, అది వచ్చాక కొంటాను అని. వచ్చే జవాబును బట్టి మీకే అర్థమవుతుంది.

ఈ పత్రాల పట్టింపు కేవలం ధర కోసమే అయితే నేను ఇంత రాసేవాణ్ని కాదు. 2012లో ఉత్తర లండన్‌లోని వుడ్ గ్రీన్‌లో, కుట్టుమిషను ముందు కూర్చొని జెండాలు కుడుతున్న పిల్లవాడి బొమ్మను బాంక్సీ ఒక దుకాణం గోడ మీద వేశారు. మరుసటి ఏడాది ఆ గోడ ముక్కనే పెకలించుకుపోయారు. అది అమెరికాలోని మయామీలో వేలానికి కనిపించింది. స్థానికులు గొడవ చేయడంతో ఆ వేలం ఆగింది గానీ, కొన్ని నెలలకే అది లండన్‌లో అమ్ముడుపోయింది. వీధిలో అందరి కోసం వేసినదాన్ని కోసి అమ్ముకోవడానికీ, చిత్రకారుడు తన ఇష్టంతో మన ఇంటి కోసమని అచ్చువేసి ఇచ్చినదాన్ని కొనుక్కోవడానికీ ఉన్న తేడా చాలా పెద్దది. ప్రింటు కొనడంలోని గౌరవం అంతా చిత్రకారుడి సమ్మతిలోనే ఉంది. ఆ సమ్మతికి రుజువే ఈ కాగితాలు.


పెళ్లిపత్రిక (విజయవాడ):

నేను వృత్తిరీత్యా స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాడిని. శివకాశి నుంచి వచ్చే శుభలేఖల ఖాళీ కార్డుల మీద పేర్లు, ముహూర్తాలు వేయడం మా ప్రధానమైన పని. బాంక్సీ ప్రింటును చేతితో పట్టుకొని చూసే అవకాశం నాకు రాలేదు కానీ, పద్ధతి ఎక్కడైనా ఒక్కటే కనుక, ప్రింటును ఎలా చూడాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

గోడ మీద స్టెన్సిల్‌తో బొమ్మ వేసేవారు స్క్రీన్ ప్రింటింగ్ వైపు రావడం చాలా సహజం, ఎందుకంటే స్క్రీన్ కూడా స్టెన్సిలే. అట్టను కోసి సున్నా చుట్టామనుకోండి, మధ్యనున్న ముక్క ఊడి కింద పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి పక్క నుంచి ఒక సన్నని పట్టీ వదలాలి. గోడ బొమ్మల్లో గీతల మధ్య అక్కడక్కడ కనిపించే ఖాళీలు ఆ పట్టీలవే. స్క్రీన్‌లో ఆ ఇబ్బంది లేదు. ఫ్రేముకు బిగించిన మెష్ వలే సున్నా మధ్య భాగాన్ని పట్టుకొని ఉంటుంది. మెష్ మీద ఎమల్షన్ పూసి ఆరబెట్టి, బొమ్మ పాజిటివ్‌ను, అంటే పారదర్శకమైన ఫిల్ము మీద నల్లగా తీసిన బొమ్మను, దాని మీద ఉంచి లైటు వేస్తే, వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, తగలని చోట నీళ్లతో కడిగితే పోతుంది. ఆ తెరుచుకున్న చోటు నుంచి స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో సిరాను కాగితం మీదికి లాగుతాము. రంగుకు ఒక స్క్రీన్. ఒక రంగు వేసి, ఆరనిచ్చి, మళ్లీ అదే కాగితాన్ని అదే చోట కూర్చోబెట్టి రెండో రంగు వేయాలి. అయిదు రంగుల బొమ్మ 450 ప్రతులు కావాలంటే 2,250 సార్లు స్క్వీజీ లాగాలి. పోయే ప్రతుల లెక్క వేరే. రిజిస్ట్రేషన్, అంటే రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం, ఒక్క వెంట్రుకవాసి జరిగినా ఆ ప్రతి పనికిరాదు. ఈ శ్రమ తెలిసినవారికి మంచి ప్రింటును చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసినది ఏమిటంటే, పదింతలు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం, నగల పనివారు కంటికి పెట్టుకునేటటువంటిది, ఒకటి సంపాదించి ఆ ఎర్ర బెలూనును దగ్గరగా చూడండి. పత్రికలు, పోస్టర్లు వేసే ఆఫ్‌సెట్ యంత్రం అచ్చయితే ఆ ఎరుపులో గులాబీ, పసుపు చుక్కలు పువ్వు రేకుల్లా చుట్టుకొని కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే పొడి చల్లినట్టు సన్నని రంగు నలుసులు చెల్లాచెదురుగా ఉంటాయి; వీటినే జిక్లే ప్రింట్లు అని గొప్ప పేరుతో అమ్ముతుంటారు. స్క్రీన్ ప్రింటులో ఎరుపంటే ఒకే ఎరుపు, కలిపిన డబ్బాలోని సిరా పరచుకున్నట్టుగా నిండుగా ఉంటుంది. కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సిరా కాగితం పైకి కొద్దిగా లేచి ఉన్న అంచు తెలుస్తుంది. ఒక రంగు మీద మరో రంగు ఎక్కిన చోట ఆ మెట్టు ఇంకా స్పష్టంగా ఉంటుంది. కొందరు చిత్రకారులు ఫొటో ఆధారంగా హాఫ్‌టోన్ చుక్కలతో స్క్రీన్ చేయిస్తారు కనుక చుక్కలు కనిపించగానే కొట్టిపారేయకండి. అప్పుడు కూడా ఒక్కొక్క చుక్క ఒకే రంగుతో నిండుగా ఉందా లేదా అన్నదే చూడాలి.

ఒక హెచ్చరిక. భూతద్దంతో అబద్ధం పట్టుబడుతుంది కానీ నిజం రుజువు కాదు. మావంటి పనివాడు ఎవరైనా నకిలీని కూడా స్క్రీన్ మీదే వేయగలడు. అచ్చుయంత్రం గారు చెప్పిన కాగితాల పరీక్షా ఈ కంటి పరీక్షా రెండూ నెగ్గితేనే ముందుకు వెళ్లండి.


కొండపల్లి బొమ్మ (న్యూజెర్సీ):

మొదటిసారి కొనేవారు బాంక్సీతో మొదలుపెట్టనక్కరలేదని నా అభిప్రాయం. నేను చాలా ఏళ్లుగా షెపర్డ్ ఫెయిరీ అనే అమెరికన్ వీధి చిత్రకారుడి ప్రింట్లు సేకరిస్తున్నాను. ఈయన 1989లో రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదువుకునే రోజుల్లో ఆండ్రే ది జెయింట్ అనే మల్లయోధుడి ముఖంతో స్టిక్కర్లు వేసి ఊరంతా అంటించడంతో మొదలయ్యారు. ఒబే అన్న పేరుతో వచ్చే పనంతా దాని నుంచి పుట్టినదే. ఆయన స్క్రీన్ ప్రింట్లు ఎక్కువగా 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్న మీగడ రంగు కాగితం మీద వస్తాయి. ఆ కాగితంలో సన్నని నలుసులు కనిపిస్తాయి. అవి మరకలు కావు, కాగితం తయారీలోనే ఉన్నవి. కింద పెన్సిలుతో సంతకం, ఏడాది, సంఖ్య ఉంటాయి. సొంత వెబ్‌సైటులోనే ఎంతో కొంత అందుబాటు ధరకు విడుదల చేస్తారు, అవి నిమిషాల్లో అయిపోతాయి. ఈ మధ్య వచ్చేవాటికి వెరిసార్ట్ అనే సంస్థ ద్వారా డిజిటల్ సర్టిఫికెట్ కూడా ఇస్తున్నారు. విడుదల రోజున నేరుగా కొనడమే అన్నిటికన్నా క్షేమం: ధరా తక్కువ, అనుమానమూ లేదు, డబ్బు చిత్రకారుడికే చేరుతుంది. మర్నాడే మూడింతల ధరకు అమ్మకానికి పెట్టేవారి దగ్గర కొంటే ఈ మూడింటిలో ఒక్కటీ దక్కదు.

ఆయన సంతకం ఉన్నంత మాత్రాన అది స్క్రీన్ ప్రింటు అనుకోవద్దు. సంఖ్య వేయకుండా, సంతకం మాత్రం చేసి, ఆఫ్‌సెట్‌లో అచ్చువేసిన పెద్ద పోస్టర్లు కూడా ఆయనే తక్కువ ధరకు ఇస్తారు. అవి నిజమైనవే, గోడకు అందమైనవే, కానీ స్క్రీన్ ప్రింటు ధర పెట్టి కొనవలసినవి కావు. 2008లో ఒబామా ముఖంతో వేసిన ప్రసిద్ధమైన పోస్టరునే తీసుకోండి. మొదట అమ్మకానికి పెట్టినవి 350 స్క్రీన్ ప్రింట్లు. తరువాత ఎన్నికల ప్రచారంలో అదే బొమ్మ ఆఫ్‌సెట్‌లో లక్షల సంఖ్యలో వీధులకు ఎక్కింది. ఈనాడు అమ్మకానికి కనిపించేవాటిలో అత్యధికం ఆ రెండో రకానివే. కాగితం పైన చేత్తో వేసిన మూల చిత్రం వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

సంఖ్యల గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. 450లో 3వ ప్రతి 430వ ప్రతికన్నా మేలైనదని అదనంగా డబ్బు అడుగుతారు, ఇచ్చేవారు కూడా ఉన్నారు. స్క్రీన్ ప్రింట్లలో దానికి అర్థం లేదు. అన్ని రంగులూ వేసి ఆరిన తరువాత కాగితాలు దొంతరగా పెట్టి సంతకం చేసేటప్పుడు ఏది పైకి వస్తే దానికి ఆ సంఖ్య పడుతుంది. ఆర్టిస్ట్ ప్రూఫ్ అంటే చిత్రకారుడు తన కోసం విడిగా ఉంచుకునే ప్రతులు, సాధారణంగా ఎడిషన్‌లో పదో వంతుకు మించవు. బొమ్మ, కాగితం అవే అయినప్పుడు వాటికి ఎక్కువ ఇవ్వడం నాకు సమంజసంగా తోచదు.

పెట్టుబడి అన్న మాట మీరు ఎత్తలేదు, అందుకు సంతోషం. బెలూను బాలిక ప్రింటులోనే బంగారు రంగు బెలూను ఉన్న ప్రూఫ్ 2021లో పది లక్షల పౌండ్లు దాటింది. ఆ ఊపు చూసి అప్పట్లో కొన్నవారు ఆ తరువాత ధరలు పడిపోతుంటే నిస్సహాయంగా చూడవలసి వచ్చింది. అయితే ఏది కొన్నా సంతకం ఉన్నదే కొనండి అన్నది నా సలహా.


అచ్చుయంత్రం (లండన్):

కొండపల్లి బొమ్మ గారు చెప్పినదంతా విలువైనదే కానీ, చివరి మాటతో ఏకీభవించలేను. పిక్చర్స్ ఆన్ వాల్స్ వారు ఒకే బొమ్మను సంతకంతో కొన్ని, లేకుండా కొన్ని విడుదల చేసినది, తక్కువ డబ్బున్నవారికి కూడా అదే బొమ్మ, అదే సిరా, అదే కాగితం అందాలనే. నిర్ధారణ ఉన్న సంతకం లేని ప్రతి ఏ విధంగానూ తక్కువది కాదు. ఇంట్లో పెట్టుకొని చూసుకునేవారు పెన్సిలు గీతకు రెట్టింపు మూడింతలు పెట్టడం కంటే, ఆ తేడాతో మరో చిత్రకారుడి ప్రింటు కొనుక్కోవడం మంచిదని నేను భావిస్తాను.


రాతిఅచ్చు (హైదరాబాద్):

నేను ప్రింట్‌మేకింగ్ చదువుకున్నదాన్ని. ప్రతి సంఖ్య గురించిన ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. లోహపు ఫలకం మీద గీసి అచ్చు తీసే పద్ధతుల్లో, ముఖ్యంగా సూదిమొనతో ఫలకాన్ని నేరుగా గీకే డ్రైపాయింట్‌లో, ప్రతిసారీ ప్రెస్సు ఒత్తిడికి ఫలకం కొద్దికొద్దిగా అరుగుతుంది కనుక మొదటి ప్రతుల్లో గీత చిక్కగా ఉంటుంది. అక్కడ ఆ తేడా నిజం. స్క్రీన్‌కు అది వర్తించదు. ఈ సందర్భంలో మన కృష్ణారెడ్డి గారిని తలచుకోకుండా ఉండలేను. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని అటెలియర్ 17 అనే ప్రింట్ల కార్యశాలలో పనిచేసిన ఆయన, చిక్కదనం వేరు వేరుగా ఉన్న సిరాలు ఒకదానితో ఒకటి కలవకుండా నిలుస్తాయన్న గుణాన్ని ఆధారం చేసుకొని, ఒకే ఫలకం నుంచి అన్ని రంగులనూ ఒకే ఒత్తులో తీసే పద్ధతిని అభివృద్ధి చేశారు. స్క్రీన్ ప్రింటులో రంగులు ఒకదాని తరువాత ఒకటి పొరలుగా వస్తే, ఆయన పనిలో అన్నీ ఒక్కసారిగా కాగితాన్ని చేరుతాయి. ప్రింట్లంటే ఇష్టపడే తెలుగువారు ఆయన పనిని ఒక్కసారైనా మూలంలో చూడాలని నా కోరిక.

సుంకం విషయానికి వస్తే, బ్రిటన్ నుంచి బయటికి తేవడంలో ఇబ్బంది లేదు. అక్కడ కళాఖండాల ఎగుమతికి అనుమతి కావలసినది 50 ఏళ్లు దాటినవాటికే. మన వైపు చూసుకోవలసినది ఒకటుంది. కస్టమ్స్ పట్టికలో 9702 అనే శీర్షిక కింద మౌలికమైన ఎన్‌గ్రేవింగులు, ప్రింట్లు, లితోగ్రాఫులు వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కానీ ఆ అధ్యాయం నోటులో ఒక మెలిక ఉంది: చిత్రకారుడు పూర్తిగా చేత్తో తయారుచేసిన ఫలకాల నుంచి నేరుగా తీసినవే మౌలికమైన ప్రింట్లు, యాంత్రిక పద్ధతిలో గానీ ఫొటో సాయంతో చేసే యాంత్రిక పద్ధతిలో గానీ తీసినవి కావు. పెళ్లిపత్రిక గారు వివరించినట్టు పాజిటివ్ పెట్టి లైటు వేసి తయారుచేసిన స్క్రీన్ ఆ నోటు ప్రకారం ఏ వైపుకు వస్తుందన్నది అధికారి ప్రశ్నించడానికి అవకాశమున్న విషయం. అందుకని ఇన్‌వాయిస్‌లో పోస్టర్ అని ముక్తసరిగా రాయించుకోకుండా, చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, ఏడాది, చేత్తో అచ్చువేసిన స్క్రీన్ ప్రింటు అన్న వివరం, ప్రతి సంఖ్య, చెల్లించిన ధర అన్నీ రాయించుకోండి. కొరియర్‌లో పంపేటట్లయితే కస్టమ్స్ బ్రోకరును ముందుగా సంప్రదించడం మంచిది.

వచ్చాక వీలు చూసుకొని ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తాకు కూడా రండి. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారు అక్కడి ఇళ్ల గోడల మీద చిత్రకారుల చేత బొమ్మలు వేయించారు. మన దగ్గర గోడ మీద పనిచేసే చిత్రకారులను వెతికి, ప్రింట్లు చేస్తారా అని అడిగి కొనేవారు ఇంకా చాలా తక్కువమంది. వారు ప్రింట్ల వైపు రావాలంటే కొనేవారు కనిపించాలి.


సిరామరక (బ్రిస్టల్):

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. భూతద్దం తీసుకొని వెళ్లి చూశాను. బెలూను ఎరుపులో గులాబీ, పసుపు చుక్కలు పెళ్లిపత్రిక గారు చెప్పిన విధంగానే చుట్లు చుట్లుగా కనిపించాయి. ఏటవాలు వెలుతురులో కాగితం అంతా ఒకే చదునుగా ఉంది, ఎక్కడా అంచు లేదు. అమ్మే ఆయనకు కూడా భూతద్దం ఇచ్చి చూపించి, 600 అన్న ఎడిషన్ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, తనకు అమ్మినవారిని అడుగుతానన్నారు. అక్కడితో ఆ బేరం ముగిసింది.

ఆ తరువాత అప్‌ఫెస్ట్ ఉత్సవం పేరుతో గోడలకు కొత్త బొమ్మలు వేసే బెడ్‌మిన్‌స్టర్ ప్రాంతంలో తిరుగుతూ, మేము రోజూ దాటి వెళ్లే ఒక గోడ బొమ్మను వేసిన చిత్రకారిణి తన స్టూడియోలోనే ప్రింట్లు వేసుకుంటారని తెలిసి వెళ్లాము. మూడు రంగులు, 60 ప్రతులు. మా ఎదుటే దొంతరలోంచి ఒకటి తీసి, మూలన కాగితం కాస్త నలిగిందని పక్కన పెట్టి, మరొకటి తీసి ఇచ్చారు. రాతిఅచ్చు గారు చెప్పిన వివరాలన్నీ ఇన్‌వాయిస్‌లో రాసి సంతకం చేశారు. కాగితం మందంగా, నూలు గుజ్జుతో చేసినది. ఇక మిగిలినది దాన్ని గోదావరి జిల్లాకు చేర్చడమూ, చెడకుండా ఉంచడమూ. గొట్టంలో చుట్టి తెస్తే సరిపోతుందా?


ఉప్పుగాలి (విశాఖపట్నం):

గొట్టంలో చుట్టవద్దు. మందపాటి నూలు కాగితం చుట్టుకు అలవాటుపడితే తరువాత చదునుగా పడుకోదు. సిరా పొర దట్టంగా ఉన్న చోట బీటలు వారే ప్రమాదం కూడా ఉంది. ఆమ్లం లేని పల్చటి గ్లాసైన్ కాగితాన్ని బొమ్మ మీద పరిచి, ప్రింటుకన్నా అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, అట్టలను మాత్రమే టేపుతో బిగించండి. టేపు ప్రింటుకు ఎక్కడా తగలకూడదు. కొలత సరిపోతే విమానంలో చేతి సామానుగా తెచ్చుకోండి.

అసలు ప్రమాదం ఇక్కడ ఫ్రేము కట్టే దుకాణంలో ఉంది. మన ఊళ్లలో పటాలు కట్టేవారు బొమ్మ ముడతలు పడకుండా ఉండాలని, మంచి ఉద్దేశంతోనే, దాని వెనుక అంతా జిగురు రాసి హార్డ్‌బోర్డుకు అంటించేస్తారు. కొందరు పైన లామినేషన్ కూడా వేస్తారు. ఆ పని జరిగిందంటే ప్రింటును తిరిగి విడదీయడం కుదరదు, దాని విలువ కూడా అక్కడితో పోయినట్లే. జపాన్ కాగితంతో చేసిన చిన్న పట్టీలను గోధుమ గంజితో పైఅంచున రెండు చోట్ల మాత్రమే అంటించి, ఆమ్లం లేని అట్టకు వేలాడదీయించాలి. గంజి నీటితో వదులుతుంది కనుక ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయవచ్చు. అద్దం నేరుగా సిరాకు ఆనకూడదు. వానాకాలం చెమ్మకు సిరా అద్దానికి అతుక్కుంటుంది. మధ్యలో కిటికీలా కోసిన మౌంటు అట్ట ఉంటే ఆ ఎడం వస్తుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం గానీ ఆక్రిలిక్ షీటు గానీ దొరికితే అదే వేయించండి. అయినా ఎండ నేరుగా పడే గోడకు తగిలించవద్దు, ఎందుకంటే ఆ అద్దం రంగు వెలిసిపోవడాన్ని ఆలస్యం చేస్తుందే కానీ ఆపదు.

ఇంటికి బయటివైపున్న గోడలు, స్నానాల గదిని ఆనుకొని ఉన్న గోడలు వర్షాలకు నీరు పీలుస్తాయి. లోపలి గోడను ఎంచుకొని, ఫ్రేము వెనుక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది, బూజు పట్టదు. ఏటా వానలు వెలిసిన తరువాత ఒకసారి కిందికి దించి, వెనుక వైపు చెదలు గానీ సిల్వర్‌ఫిష్ పురుగులు గానీ చేరాయేమో చూడండి. పురుగుల భయంతో ఫ్రేము లోపల కలరా ఉండలు పెట్టడం మాత్రం వద్దు. ఇన్‌వాయిస్‌ను చాలామంది ఫ్రేము వెనుక అంటిస్తారు. దాని సిరా, జిగురు కాలక్రమంలో ప్రింటు కాగితంలోకి దిగుతాయి. అసలు కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో ఉంచి, ఫొటో ఒకటి తీసి మీకు మీరే ఈమెయిలు చేసుకోండి. చిత్రకారిణితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఏవైనా ఉంటే వాటిని కూడా దానితోనే కలిపి పెట్టండి.